లేబుల్ మీద తెల్ల కాగితం

1975 అక్టోబరు 5, ఆదివారం

వాన. డాన్సు హాల్‌కి రెండు బస్సులు మారి వెళ్ళాను. ఖర్చు: బస్సు, టీ, మాంసం కూరిన పేస్ట్రీ. రికార్డులేమీ కొనలేదు.

హాల్లో రికార్డులు వేసే డీజే కాలిన్ ఓగ్డెన్ మళ్ళీ అదే పని చేశాడు. ఇక్కడ ఇంగ్లీషువాళ్ళెవరూ వినని సోల్ రికార్డు, అంటే నల్లవాళ్ళ డాన్సు పాట, ఒకటి అమెరికా నుంచి తెప్పించాడు. దాని లేబుల్ మీద గుండ్రంగా కత్తిరించిన తెల్ల కాగితం అంటించి, 'మార్సీ వేల్ – నన్ను ఆపకు' అని రాసుకొచ్చాడు. మార్సీ వేల్ అనే మనిషి భూమ్మీద లేదు. పాట పేరూ అబద్ధమే. అసలు పేరు బయటపడితే తక్కిన డీజేలు కూడా వెతికించి తెప్పించుకుంటారు. అప్పుడు ఆ పాట కోసం జనం ఇతని దగ్గరికే రావలసిన పని ఉండదు. అదీ సంగతి. అందరూ చేస్తున్నదే అంటాడు. నిజమే, అందరూ చేస్తున్నారు. అందరూ చేస్తే దొంగతనం దొంగతనం కాకుండా పోతుందా?

ఇక పాట. ముందు గలగలమంటూ తంబురిన్. దాని వెనక డ్రమ్ములు. ఆ తర్వాత ఆమె. పాడుతున్నట్టు లేదు, వంటింట్లోంచి వీధిలో వెళ్ళేవాణ్ణి పిలుస్తున్నట్టు ఉంది. నువ్వొస్తావో రావో తెలియదు, వాకిట్లో దీపం మాత్రం ఆర్పలేదు అంటుంది. రెండోసారి ఆ మాట అన్నప్పుడు గొంతు జీరపోతుంది. మళ్ళీ పాడించకుండా అలాగే ఉంచేశారు. సరిగ్గా అక్కడ హాలంతా ఒక్కసారి ఊపందుకుంది. జారడానికి నేల మీద చల్లుకున్న పౌడరు మోకాళ్ళ దాకా లేచింది.

నేను డాన్సు చెయ్యను. స్టేజీ పక్కన, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను.

"ఏంటి గురూ, చూపులతోనే కాగితం ఊడబీకేట్టున్నావ్?" అన్నాడు కాలిన్.

"ఎవరామె?"

"రాశాను కదా. చదువు రాదా? మార్సీ వేల్."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అనవలసినవన్నీ ఇంటికొచ్చాక తోచాయి.

అక్టోబరు 6, సోమవారం

మిల్లు స్టోర్లో కండెల లెక్క సరిపోలేదు. నా పొరపాటు కాదు, మూడో షెడ్డువాళ్ళది. ఆమె ఎవరు?

అక్టోబరు 14, మంగళవారం

చలి మొదలైంది. ఖర్చు: బూట్లకు మడమలు.

డోరీన్ అక్క ఇస్త్రీ చేస్తూ అడిగింది.

"ఒరే నెవిల్, నాకొకటి చెప్పు. ఆ పాట అంత బాగుంటే అప్పుడే జనం ఎగబడి కొనుండాలి కదా?"

"కొనుంటే ఇప్పుడు దానికి విలువ ఉండేది కాదు."

"అంటే ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోయినదానికే ఎక్కువ విలువన్నమాట."

"అంతే."

"అలాగైతే నన్ను ఏ గాజు బీరువాలోనో పెట్టి తాళం వెయ్యాలి. నువ్వేమో చొక్కాలు ఇస్త్రీ చేయిస్తున్నావ్."

అక్క నవ్వులాటకే అంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అక్క మీద కాదు. లక్షలమంది కొన్న రికార్డు ఇవాళ సంతలో ఒక కప్పు టీ ఖరీదు చెయ్యదు. రేడియోవాళ్ళు పక్కన పడేసినది, కంపెనీ ఏడాది తిరక్కుండా మూతపడినది, మిగిలిన కాపీలు కరిగించి వేరే రికార్డులు పోసినది, అదే కావాలి అందరికీ. పాడిన మనిషి ఎంత ఓడిపోతే కొన్నవాడికి అంత గొప్ప. ఇదంతా ఎవరో చెబితే నేర్చుకున్నది కాదు. పదేళ్ళుగా పాత రికార్డుల గోదాముల్లో దుమ్ము పీలుస్తూ నాకు నేనే తెలుసుకున్నాను.

సరే, ఆ లోకం అలాగే ఉంది, మనం మార్చలేం. కానీ ఆ ఓడిపోయిన మనిషికి మిగిలింది ఒక్క పేరు. దాని మీద కూడా కాగితమా?

అక్టోబరు 19, ఆదివారం

కళ్ళారా చూసింది రాస్తున్నాను.

స్టోక్ నుంచి వచ్చిన ఒకతను, కాలిన్ దగ్గర మాత్రమే ఉందనుకుంటున్న వేరే పాటకు రెండో కాపీ తెచ్చాడు. కారు పార్కింగ్‌లో, కాలువ పక్కన, కాలిన్ దాన్ని కొన్నాడు. అడిగినంతా ఇచ్చాడు. కవరులోంచి తీశాడు, వెలుగుకు పట్టి గీతలున్నాయేమో చూశాడు, తర్వాత మోకాలి మీద పెట్టి రెండు ముక్కలు చేశాడు.

స్టోక్ అతను నోరు తెరిచాడు. "ఏం చేశావయ్యా?"

"ఇప్పుడు నాది ఒక్కటే," అన్నాడు కాలిన్, చేతులు దులుపుకుంటూ. "నీ డబ్బులు నీకొచ్చాయి కదా. ఏడుపెందుకు?"

అందులో ఒక మనిషి పాడాడు. పది పన్నెండుమంది కూర్చుని వాయించారు. ఎవరో కాఫీ కాచి పోసుంటారు. అదంతా మోకాలి మీద పెట్టి విరిచాడు.

ముక్కలు ఏరుకుని ఇంటికి తెచ్చాను. "ఏం చేస్తావ్ గురూ, అతికిస్తావా?" అని వెనకనుంచి అరిచాడు. సొరుగులో పెట్టాను. ఇలాంటి పని నేను చచ్చినా చెయ్యను.

నవంబరు 9, ఆదివారం

పొగమంచు. ఖర్చు: బస్సు, టీ రెండు (ఒకటి నాది కాదు).

హాల్ యజమానురాలు మిసెస్ క్రాంప్టన్ అమెరికాలోని డెట్రాయిట్ నుంచి గాయకుడు లూషస్ టాలివర్‌ని పిలిపించింది. అక్కడ అతను కార్లకు రంగులు వేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. పదేళ్ళ కింద ఒక రికార్డు ఇచ్చాడు, వాళ్ళ ఊళ్ళోనే ఎవరూ కొనలేదు. ఇక్కడ స్టేజీ ఎక్కేసరికి హాలంతా ముందే అందుకుని పాడింది, ఒక్క మాట కూడా వదలకుండా. పాపం, మధ్యలో పాడటం మానేసి మైకు జనం వైపు పెట్టి నిలబడిపోయాడు.

పాటలయ్యాక టీ కౌంటర్ దగ్గరికి వచ్చాడు. పెద్దమనిషి. చిల్లర నాణేలు అరచేతిలో పోసుకుని ఏది ఏదో తెలియక చూస్తుంటే నేనే టీ ఇప్పించాను. అప్పుడే కాలిన్ ఆ రికార్డు పెట్టాడు. తంబురిన్ మొదలయింది. టాలివర్ చేతిలో కప్పు నోటిదాకా వెళ్ళి ఆగింది.

"ఈ పిల్ల ఇక్కడికెలా వచ్చింది నాయనా?"

"ఎవరు?"

పేరు చెప్పాడు.

పేరు ఇక్కడ రాయడం లేదు. అక్క ఈ పుస్తకం తిరగేస్తుందని నాకు అనుమానం.

"మా చర్చిలో పాడేది," అన్నాడు. "ఆ తంబురిన్ నాదే. అదిగో, ఆ గొంతు జీరపోయిన చోటు విన్నావా? ఆ పూట వాళ్ళమ్మ ఆస్పత్రిలో ఉంది. మళ్ళీ పాడతానంటే, స్టూడియోవాడు టైమైపోయింది వెళ్ళండన్నాడు."

"ఇప్పుడేం చేస్తున్నారామె?"

"స్కూలు బస్సు నడుపుతోంది. బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చి పెట్టెలకు పెట్టెలు పాడైపోయాయి. ఆ పాట ఒక్కరు కూడా వినలేదనే అనుకుంటోంది." హాల్ వైపు చూశాడు. "మరి ఈ మార్సీ ఎవరు? ఆ అబ్బాయి మైకులో మార్సీ అన్నాడు."

చెప్పాను. కాగితం సంగతి అంతా చెప్పాను. ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కప్పు కౌంటర్ మీద పెట్టాడు.

"మాకక్కడ పాటకి డబ్బులు ఇవ్వలేదు, సరే అనుకున్నాం. పేరు మాత్రం లేబుల్ మీద వేశారు. అదే చూసుకుని మురిసిపోయాం. నువ్వు ఈ ఊరివాడివి. నా కారు బయట కాచుకునుంది, పొద్దున్నే విమానం. వీళ్ళకి ఆ పిల్ల పేరు చెప్పు నాయనా. ఒక్కసారి చాలు, అందరికీ వినబడేలా."

"చెప్తాను," అన్నాను.

నా అడ్రసు రాయించుకుని చెయ్యి కలిపాడు. ఎవరికైనా ఇంత గట్టిగా మాటిచ్చి ఎన్నేళ్ళయిందో.

నవంబరు 16, ఆదివారం

దగ్గు. గొంతు బొంగురు. ఈ గొంతుతో చెబితే ఎవరికి వినబడుతుంది? వచ్చే వారం.

నవంబరు 23, ఆదివారం

కాలిన్‌ని పక్కకు పిలిచి, నాకు తెలుసన్నాను. నమ్మలేదు. చెవిలో పేరు చెప్పాను, ఇప్పుడు స్కూలు బస్సు నడుపుతోందనీ చెప్పాను. ముఖంలో రంగు మారింది. అది చూసి నాకు సంతోషం వేసిందని కాదు.

"ఎవరితోనైనా అన్నావా?"

"ఇంకా లేదు. ఆమె పేరు ఆమెకిచ్చెయ్ కాలిన్."

"ఇస్తే ఆమెకేం ఒరుగుతుంది చెప్పు. బస్సు నడపడం మానేస్తుందా? నాకేం పోతుందో మాత్రం నాకు తెలుసు. ఇవాళ పేరు బయటికొస్తే నెల తిరిగేసరికి ఎవడో దొంగ కాపీలు పోయించి సంతలో అమ్ముతాడు. అప్పుడు అందరి దగ్గరా ఉంటుంది, ఎవరికీ అక్కర్లేకుండా పోతుంది. అదేనా నీక్కావలసింది?" కాస్త తగ్గి, "క్రిస్మస్ దాకా ఆగు మాస్టారూ. నీకు దణ్ణం పెడతాను," అన్నాడు.

ఎన్నడూ లేనిది నన్ను మాస్టారూ అన్నాడు. సిగ్గులేని మనిషి. దొంగ కాపీల సంగతి ఇతను చెబితే నేను వినాలా! అయినా నేను ఒప్పుకున్నానని కాదు. ఔనని అనలేదు, కాదని కూడా అనలేదు.

నవంబరు 24, సోమవారం

ఖర్చు: విమాన తపాలా స్టాంపులు.

అమెరికాలో పాత రికార్డులు అమ్మేవాళ్ళకు, నాలుగు ఊళ్ళకు, ఆ పేరు రాసి ఉత్తరాలు వేశాను. చేతిలో రికార్డు లేకుండా లేచి పేరు చెబితే ఎవరు నమ్ముతారు? సాక్ష్యం ఉండాలి. పేరు బయటపడ్డాక వెతికితే ఇక దొరకదు కూడా. అందుకని ముందు ఇది.

డిసెంబరు 7, ఆదివారం

చెప్పలేదు. మైకు కాలిన్ చేతిలోనే ఉంది.

డిసెంబరు 14, ఆదివారం

ఆ పాట రెండుసార్లు వేశాడు. చెప్పలేదు. ఒక పిల్ల తన సంచికి 'మార్సీ వేల్' అని గుడ్డముక్క మీద కుట్టుకుని వచ్చింది. రంగు దారంతో, ఎంత శ్రద్ధగా కుట్టుకుందో. చూసి తల తిప్పుకున్నాను. అబద్ధం ఇలా వేళ్ళు తన్నుకుంటుంది. దీనికంతా ఆ ఒక్కడే కారణం.

డిసెంబరు 22, సోమవారం

ఇద్దరి దగ్గర్నుంచి జవాబులు. అలాంటి రికార్డు చూడలేదట. ఒకతను, దొరికితే ముందు నాకు చెప్పండి అని రాశాడు! వీడికి పేరు రాసి పొరపాటు చేశాను.

అక్క బఠానీలు నానబోస్తూ, "ఆ పెద్దాయనకి మాటిచ్చావు కదా, చెప్పావా?" అంది. నేనెప్పుడూ ఆ సంగతి ఆమెతో అనలేదు. పుస్తకం తిరగేస్తోందన్నమాట.

"సమయం చూసి చెప్తాను."

"ఒక పేరు చెప్పడానికి సమయమేంట్రా? నోరు తెరిస్తే అయిపోయే పనికి."

"నీకు తెలియదక్కా."

"తెలియదు. నాకేం తెలుసు, ఇస్త్రీ తప్ప?"

1976 జనవరి 17, శనివారం

మంచు. మిల్లు సగం పూటే.

ఇంటికొచ్చేసరికి బల్ల మీద పార్సిల్. డెట్రాయిట్ నుంచి. విప్పడానికి అక్క కత్తెర చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. లోపల మొక్కజొన్న అటుకుల డబ్బా అట్టలు రెండు, వాటి మధ్య ఆ రికార్డు.

ఎర్ర లేబుల్. దాని మీద వెండి రంగు అక్షరాల్లో ఆమె పేరు. ఆ అచ్చు పేరు కింద నీలి సిరాతో ఆమె సంతకం. ఒక్క గీత లేదు. ఒక అంచున నీటి మరక.

చిన్న ఉత్తరం కూడా ఉంది:

"అయ్యా, టాలివర్ గారు చెప్పింది విని నమ్మలేదు. ఆయన ఒట్టు పెట్టారు. నా దగ్గర రెండే మిగిలాయి. ఒకటి మా అమ్మాయికి. ఇది మీకు. డబ్బులేమీ పంపకండి. పాట వేసినప్పుడు నా పేరు చెబితే చాలు. పిల్లల్ని బస్సులో దింపి వచ్చేటప్పుడు, ఎక్కడో నా పేరు పలికారని అనుకుంటూ వస్తాను."

అక్క కళ్ళు తుడుచుకుంది. నేను రికార్డు పెట్టాను. ఇద్దరం విన్నాం, నేను కోటు కూడా విప్పలేదు. ఆ జీరపోయిన చోట అక్క నా భుజం పట్టుకుంది.

"రేపే చెప్పు," అంది.

"రేపు కాదు. నేనే వేసి, నేనే చెప్తాను."

జనవరి 18, ఆదివారం

మిసెస్ క్రాంప్టన్‌ని కలిశాను. రికార్డులు వెయ్యడానికి ఒక అరగంట నాకివ్వమని అడిగాను. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వా నెవిల్? ఇన్నేళ్ళలో నీ నోట టీ అన్న మాట తప్ప ఇంకోటి వినలేదు నేను. ఏముంది నీ దగ్గర?"

సంచీలోంచి కొద్దిగా పైకి తీసి చూపించాను. లేబుల్ మీద నా అరచెయ్యి అడ్డం పెట్టాను. అలవాటు లేని పనికి వేళ్ళు ఎలా వాటంతటవే వెళ్ళాయో. ఆమె సూదిముల్లు పెట్టించి తంబురిన్ వినబడేదాకా విన్నది.

"కాలిన్‌కి తెలుసా?"

"తెలియదు."

"దేవుడా," అని నవ్వింది. "ఫిబ్రవరి ఒకటి. నాలుగింటికి. నీళ్ళు తాగి రా, మైకు ముందు గొంతు ఎండుతుంది."

జనవరి 28, బుధవారం

కాలిన్ మిల్లు గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. ఎవరు చెప్పారో. నా రికార్డు కొంటానన్నాడు. ఎంత కావాలంటే అంత అన్నాడు. ఎందుకో నాకు తెలియదా? నా కళ్ళముందు మోకాలు కనబడింది. ఆ రికార్డు విరిగిన చప్పుడు చెవిలో వినబడింది.

"ఆమె నాకు పంపింది. నీకు అమ్మడానికి కాదు."

"ఓహో. అయితే పేరు చెప్పేస్తావన్నమాట."

"అది నా ఇష్టం."

"చెప్పవు," అన్నాడు నా ముఖంలోకి చూసి. "ఇప్పుడు నీ దగ్గర కూడా ఉందిగా."

ఎంత నీచంగా ఆలోచిస్తాడు! అందరూ తనలాంటివాళ్ళే అనుకుంటాడు.

జనవరి 31, శనివారం

ఖర్చు: తెల్ల కాగితం, జిగురు సీసా.

బాగా ఆలోచించాను. కోపంలో కాదు, నిదానంగా. రేపు పేరు చెబితే జరిగేది ఇది: డీజేలందరూ ఆమెకు ఉత్తరాలు రాస్తారు. మిగిలిన ఒక్క కాపీ కోసం ఆ కూతురి చుట్టూ తిరుగుతారు. దొంగ కాపీలు పుట్టుకొస్తాయి. ఆమెకు పైసా రాదు, పరువు పోతుంది. దాన్నుంచి ఆమెను కాపాడవలసినవాణ్ణి నేనే. ఈస్టర్ దాకా ఆగి, అప్పుడు సవ్యంగా, ఒక పద్ధతిలో చెబుతాను. కాలిన్ దాచింది తన కోసం. ఇది వేరు.

కాలిన్ జిగురు అంచుల మీద రెండు చుక్కలే పెడతాడు, గోటితో లేచిపోతుంది. అలా ఉంటే ఎవడైనా పక్కకి తిరిగినప్పుడు పైకెత్తి చూస్తాడు. నేను కాగితమంతా పూసి, గుండ్రంగా కత్తిరించి, అద్దంలా అంటించాను. చెక్క పనికి వాడే జిగురు. గట్టిగా పట్టింది.

కాగితం మీద ఏం రాయాలా అని చాలాసేపు కూర్చున్నాను. చివరికి 'మార్సీ వేల్' అనే రాశాను. జనానికి తెలిసిన పేరు అదే కదా. కొత్త అబద్ధం నేను పుట్టించలేదు.

అక్క గుమ్మంలో నిలబడి చూసింది. వెళ్ళి పడుకుంది.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఎండ! ఖర్చు లేదు. టీ వాళ్ళే ఇచ్చారు.

నాలుగింటికి స్టేజీ ఎక్కాను. మొదటి రెండు పాటలకు జనం పెద్దగా కదల్లేదు. మూడోది అదే. మైకు తీసుకున్నాను. ఆమె ఉత్తరం జేబులోనే ఉంది. నోరు తెరిచాను. అన్ని ముఖాలు నా వైపు.

"మార్సీ వేల్," అన్నాను.

ఎంత అరుపు! అలాంటిది ఎప్పుడూ వినలేదు, అదీ నేను నోరు తెరిచినందుకు. పౌడరు పొగలా లేచింది. ఆ జీరపోయిన మాట దగ్గర వందలమంది ఒకేసారి ఎగిరి తిరిగారు. పాటయ్యాక ఎవరెవరో వచ్చి భుజం తట్టారు. ఇన్నేళ్ళు నా పక్కనుంచి చూడకుండా వెళ్ళినవాళ్ళు నెవిల్ అని పిలిచారు. పౌడరు చేతులతోనే. కోటు మీద ఇంకా ఆ తెల్లటి మరకలున్నాయి, దులపలేదు.

కాలిన్ మెట్ల కింద నిలబడ్డాడు. "నా పేరు దొంగిలించావు," అన్నాడు. "మార్సీ వేల్ నాది. నేను పుట్టించాను."

లేని మనిషి పేరు నాదంటాడు!

ఆమెకు రేపు ఉత్తరం రాయాలి. అందరికీ నచ్చిందని. అది నిజమే కదా.

ఫిబ్రవరి 4, బుధవారం

ఉత్తరం మొదలుపెట్టాను. తపాలా రేటు పెరిగిందట. తర్వాత పూర్తి చెయ్యాలి.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఇంతటి అన్యాయం నా జన్మలో చూడలేదు.

కాలిన్ తన వంతు రాగానే మైకు పట్టుకుని, "ఇదిగో వినండి," అన్నాడు. "మార్సీ వేల్ లేదు, గీర్సీ వేల్ లేదు. ఈ పాట పాడిన ఆవిడ డెట్రాయిట్‌లో ఉంది. పేరు..." అని పూర్తి పేరు చెప్పాడు. రికార్డు కంపెనీ పేరు చెప్పాడు. నంబరు కూడా చెప్పాడు. తన రికార్డు మీది కాగితం గోటితో లేపి, పీకి, ఉండచుట్టి నా వైపు విసిరాడు. "ఇప్పుడు వేసుకో గురూ, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు."

నా మీద కక్షతో చెప్పాడు. కేవలం నా దగ్గర ఉందన్న కుళ్ళుతో. ఆమె మీద గౌరవంతో కాదు, ధర్మం తెలిసి కాదు. నాకు దక్కకూడదని, అంతే.

తర్వాత ఎవరో వెనకనుంచి ఆ పేరు అరిచారు. ఇంకొకరు. తర్వాత హాలంతా, చప్పట్లతో, ఒకటే పేరు. ఆమె పేరు, అంతమంది నోట. సంచికి గుడ్డముక్క కుట్టుకున్న ఆ పిల్ల నా పక్కనే నిలబడి అరుస్తోంది.

ఒక్కసారి చాలన్నాడు టాలివర్. ఎన్నిసార్లో అయింది. నేను మాత్రం అనలేదు. అది నేను చెప్పవలసిన పేరు! ఆమె నాకు పంపింది, నన్నడిగింది. ఈస్టర్‌కి చెప్పేవాణ్ణి. ఇంకెంత, రెండు నెలలు.

నడిచే ఇంటికొచ్చాను. అక్కకు జరిగింది చెప్పాను.

"అయితే చెప్పారన్నమాట," అంది.

"చెప్పారు కాదు, వాడు చెప్పాడు! ఎందుకు చెప్పాడో అర్థమవుతోందా నీకు?"

"అర్థమైంది. ఆవిడకి అది తెలియక్కర్లేదు. రాయి ఉత్తరం, మీ పేరు అందరూ పిలిచారని."

ఫిబ్రవరి 10, మంగళవారం

ఉత్తరం రాయలేదు. ఏమని రాయను? ఎవరు చెప్పారని రాయను?

ఫిబ్రవరి 14, శనివారం

వాన. ఖర్చు లేదు.

మిసెస్ క్రాంప్టన్ కబురు పెట్టింది. ఆవిడ సంతకం ఉన్న కాపీ నీ దగ్గర ఉందట, రేపు తీసుకురా, జనానికి చూపిద్దాం అని. సంగతి ఆమెకు అక్కే చెప్పి ఉంటుంది. మంచిదే. కాలిన్ దగ్గరున్నది ఉత్త రికార్డు. నాది ఆమె చేత్తో సంతకం చేసినది. ఇలాంటిది ప్రపంచంలో ఇంకొకటి లేదు. ఇప్పుడు చూద్దాం ఎవరిది గొప్పో.

కాగితం తియ్యడానికి కూర్చున్నాను. గోటితో రాలేదు. తడిగుడ్డ అద్దాను. కెటిల్ మూతి దగ్గర ఆవిరి పట్టబోతే, రికార్డు వంగిపోతుందిరా అని అక్క చెయ్యి లాగింది. చాకు అంచు మెల్లగా దూర్చాను. ఒక పక్క లేచింది. ఓపికగా లాగాను. చాలా ఓపికగా.

మొత్తం ఒక్కసారే వచ్చింది.

రికార్డు మీద ఎర్ర లేబుల్ లేదు. నూగులాంటి తెల్లటి కాగితపు పీచు, మధ్యలో బెజ్జం. చేతిలో కాగితం వెనకా అదే పీచు. లేబుల్ పైపొర జిగురుతో లేచి వచ్చేసింది. ముఖం జిగురులో, వీపు బయటికి. ఆమె అచ్చు పేరు, ఆమె సంతకం, రెండూ లేబుల్ పొరకీ నా కాగితానికీ మధ్య ఉండిపోయాయి. ఒక వైపు చూస్తే ఉత్త తెలుపు. తిప్పితే నా చేతి రాత, మార్సీ వేల్.

కిటికీ వెలుగుకు పట్టాను. వాన మబ్బు. ఏమీ కనబడలేదు.

అక్క చూసింది. తిడుతుందనుకున్నాను. ఎదుటి కుర్చీలో కూర్చుంది. "పాట ఉందిగా, వెయ్యి," అంది. వేశాను. పాట ఉంది. తంబురిన్ ఉంది. జీరపోయిన చోటు ఉంది. ఎవరు పాడారో చెప్పేది మాత్రం ఆ రికార్డు మీద ఏమీ లేదు.

"పేరేంట్రా ఆవిడది? నువ్వొక్కసారి కూడా నాతో అనలేదు," అంది అక్క.

పార్సిల్ వచ్చిన రోజు అక్క చూసింది. ఉత్తరం కింద కూడా ఉంది. ఆమెకు బాగా తెలుసు.

చెప్పాను. గొంతు బొంగురుపోయింది, దగ్గేమీ లేకుండానే. వినబడలేదు, మళ్ళీ చెప్పు అంది. మళ్ళీ చెప్పాను.

ఇక్కడ కూడా ఉండాలి.

ఒజెల్లా ప్రూయిట్.